తట్టకూడని తలుపు, 412వ తాళం

పని ఏమిటో ముందు

నేను 1984 జూన్ 4, సోమవారం నాడు మదనపల్లెలో తాళాల పనిలో చేరాను. 2020 డిసెంబరు 31న మానేశాను. ముప్పై ఆరేళ్ల ఆరు నెలల ఇరవై ఏడు రోజులు. ఇందులో టైఫాయిడ్‌తో మంచాన పడిన పదకొండు రోజులు తీసెయ్యాలి. ఆ పదకొండు రోజుల సంగతి తరవాత వస్తుంది. ఇదంతా రాయడానికి అసలు కారణం అవే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నా దగ్గరికి వచ్చి ఏం నేర్చుకోవాలని అడుగుతున్నారు. మిషన్ల గురించి నన్ను అడగకండి. మీ మిషన్లు నా ఆకురాయి కంటే బాగా కోస్తాయి. మిషన్ చెయ్యలేనిది ఏముందో అది మాత్రం చెబుతాను.

తాళాల పని అంటే మూసుకుపోయిన తలుపు తెరవడం అనుకుంటారు జనం. నేను తెరిచిన తలుపుల కంటే మార్చిన తాళాలే ఎక్కువ. తుప్పు పడుతుంది, దొంగ కెలుకుతాడు, లేదా ఇంటాయనే కోపంలో గుద్దుతాడు, తాళం పాడవుతుంది. కొత్తది బిగించడం స్క్రూడ్రైవరు పట్టిన ఎవరైనా చేస్తారు. కానీ కొత్త తాళంతో కొత్త చెవులు వస్తాయి. పాత చెవులేమో ఎవరి మొలతాడుకో, ఎవరి కొంగు ముడిలోనో, ఎవరి బండి తాళాల గుత్తిలోనో ఉంటాయి. వాటన్నిటినీ ఒక్క పూటలో పాత ఇనుము కింద జమకట్టకుండా, ఆ పాత చెవులకే కొత్త తాళం తిరిగేలా చెయ్యాలి. అదీ పని. మా మేస్త్రి మాట ఒకటుంది: "తాళం మారాల, చెవి మారకూడదు. మనిషి చేతిలో ఉండేదాని జోలికి పోవద్దు."

ఎలా చేస్తామో నాలుగు ముక్కల్లో చెబుతాను, తరవాతి కథకు అవసరం. మీ ఇంటి చెవి తీసి, పళ్లు పైకి వచ్చేలా పట్టుకుని చూడండి. ఐదు పల్లాలు కనిపిస్తాయి. ఒక్కో పల్లానికి లోతును బట్టి ఒక అంకె. ఒకటి అంటే మిట్ట, ఐదు అంటే బాగా లోతు. తాళం లోపల ఐదు ఇత్తడి పిన్నులుంటాయి. ఒక్కో పల్లంలో ఒక్కోటి కూర్చుంటుంది. పల్లం లోతైనదైతే పిన్ను పొడుగుది వెయ్యాలి. ఐదూ సరిగ్గా కూర్చుంటేనే తాళం తిరుగుతుంది. కాబట్టి చెవి అంటే ఐదు అంకెలు. చెవి తల దగ్గర చిన్న మెట్టు ఉంటుంది, దాన్ని మా కొట్లో భుజం అనేవాళ్లం. భుజం నుంచి మొన దాకా నేను అంకెలు చదువుతాను. నాకు తెలిసి అందరూ అలాగే చదువుతారనుకున్నాను.

పదకొండు రకాలు

మొదట నేను ఒక ఇనుప సామాన్ల కొట్లో సరుకు చిట్టా రాసేదాన్ని. ఒకరోజు మా బీరువాకు ఇంకో చెవి చేయించుకుందామని ఖాదర్ మేస్త్రి కొట్టుకు వెళ్లాను. ఆయన ఏదో పెట్టె తాళంతో కుస్తీ పడుతున్నాడు. కూర్చోమన్నాడు. గోడకు కొట్టిన పలక మీద పళ్లు కొయ్యని చెవులు వందల కొద్దీ మేకులకు వేలాడుతున్నాయి, ఏ వరసా లేకుండా. గంటసేపు దాన్ని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. లేచి, చెవి పక్కనుండే గాడిని బట్టి వేరుచేసి తగిలించడం మొదలుపెట్టాను.

ఆయన తలెత్తి చూశాడు. "ఎవురమ్మా నువ్వు? నా గోడని ఏం జేస్తివి?"

"గాడి ప్రకారం పెట్టినాను. పదకొండు రకాలుండాయి."

"తొమ్మిదే."

"పదకొండు. ఎంచుకోండి."

లెక్కపెట్టుకున్నాడు. పదకొండు. "రేపట్నించి వస్తావా?" అన్నాడు.

పక్క టీ కొట్టు ఆయన ఊరుకుంటాడా? "మేస్త్రీ, ఆడమనిషికి బీగాల పని నేర్పిస్తే ఊర్లో మొగుళ్ల గతేం కావాలప్పా?" అన్నాడు. మేస్త్రి తల తిప్పకుండానే, "మొదటి పాఠం నీ ఇంటి తాళం మిందే" అన్నాడు. ఆ తరవాత ఆ కొట్లో నాకు టీ ఎప్పుడూ చిక్కగానే వచ్చింది.

పై అధికారుల గురించి నిజం చెప్పాలి కాబట్టి చెబుతాను. మేస్త్రిది గొప్ప చెయ్యి. తాళం లోపలి పిన్నులు ఆయనకు వేళ్ల కొసలతో కనిపించేవి. రాత కోతల్లో మాత్రం ఆయనంత అధ్వాన్నపు మనిషిని నేను చూడలేదు. బిగించిన తాళం ఏ ఊళ్లో బిగించాడో వారం తరవాత గుర్తుండేది కాదు. అందుకని నేను పుస్తకం పెట్టాను. బిగించిన ప్రతి తాళానికి వరస సంఖ్య, ఊరు, తేదీ, ఐదు అంకెలు. తలుపు లోపలి వైపు చిన్న రేకు కొడతాం. రేకు మీద వరస సంఖ్య మాత్రమే ఉంటుంది. దొంగ చదివినా వాడికి ఏమీ రాదు. అంకెలు పుస్తకంలోనే.

ఐదు అంకెల పక్కన వాటి కూడిక కూడా రాసేదాన్ని. మేస్త్రికి అది వింతగా ఉండేది.

"చెవుల్ని కూడి ఏం జేస్తావమ్మా?"

"ఒక అంకె తప్పు రాసుంటే కూడిక పట్టేస్తాది మేస్త్రీ."

ఆయన గట్టిగా నవ్వాడు. "నీ కూడిక పోలీసోని మాదిరి. దొంగని పడతాది. వాడు యాపక్క నుంచి వచ్చినాడో సెప్పదు."

నేను కూడా నవ్వాను. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆయన ఉర్దూ బడిలో చదువుకున్నాడు. తెలుగు మనకంటే బాగా మాట్లాడేవాడు కానీ చదవలేడు, రాయలేడు. అందుకని ఆయన చెవి చూసి అంకెలు చెప్పడం, నేను రాయడం. మా ఏర్పాటు అది.

పుంగనూరులో రెండు చెవులు

నా మొదటి పెద్ద తప్పు పుంగనూరులో, 1991 అక్టోబరులో. నూనె మిల్లు నడిపే రెడ్డప్ప అనే ఆయన ఇంటి ముందు తలుపు తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మేము బిగించిన తాళం కాదు కాబట్టి పుస్తకంలో లేదు. ఆయన తన చెవి ఇచ్చాడు. నేను ఆ చెవికి వెంట్రుకవాసి తేడా లేకుండా ఆకురాయితో పిన్నులు అరగదీసి కొత్త తాళం అమర్చాను. ఆయన చెవికి వెన్నలా తిరిగింది. సామాను సర్దుకుంటుంటే ఆయన భార్య కొంగు ముడిలోంచి తన చెవి తీసి పెట్టింది. కదల్లేదు.

ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఈయన సెవికి తిరుగుతాది, నా సెవికి తిరగదు. కొత్తేముండాది తల్లీ? పెండ్లైనప్పట్నించి ఈ ఇంట్లో జరిగేది ఇదే."

రెడ్డప్ప, "నా మీద పెడతావేమే, పని జేసింది ఆయమ్మ" అన్నాడు.

"నువ్వేదిస్తే దాని ప్రకారమే జేసింది పాపం. నా సెవి అడిగినావా నువ్వు?"

అడగలేదు. నేనూ అడగలేదు. రెడ్డప్ప రోజుకు పదిసార్లు తలుపు తీసే మనిషి. ఆయన చెవి పళ్లు అరిగిపోయాయి. ఆమె ఇల్లు విడిచేదే తక్కువ. ఆమె చెవి కొత్తదానిలా ఉంది. నేను అరిగిన చెవికి తాళం అమర్చాను. అరగని చెవి దానికి ఎక్కువైపోయింది.

కొట్టుకు వచ్చి చెబితే మేస్త్రి రెండు చెవులనూ పక్కపక్కన పెట్టి చూపించాడు. "సూడు. రెండూ ఒకే కాన్పు బిడ్డలు. పుట్టినప్పుడు ఒకే అంకెలు. చెవి ముసలిదైతాది, అంకె ముసలిది కాదు. నువ్వు అంకెని పట్టుకో." పుట్టినప్పటి అంకెలు ఏమై ఉంటాయో లెక్కగట్టి పిన్నులు మళ్లీ వేశాను. రెండు చెవులూ తిరిగాయి. ఆమె మూడుసార్లు తిప్పి చూసి, మొగుడితో, "ఇంగ నువ్వు నేను సమానం" అంది.

ఆ పాఠం నాకు బాగా ఒంటబట్టింది. అవసరానికి మించి ఒంటబట్టింది. ఆ రోజు నుంచి నేను చెవిని కాదు, అంకెను నమ్మడం మొదలుపెట్టాను. నా పుస్తకంలో అంకె ఉంటే ఇంక చెవి చూడక్కర్లేదన్నంత దూరం వెళ్లాను.

కుప్పం నుంచి ఫోను

2018 మే 22, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. అప్పటికి మేస్త్రి పోయి తొమ్మిదేళ్లయింది. కొట్టు నేనే చూస్తున్నాను. ఫోనులో ఒక పెద్దాయన గొంతు.

"మదనపల్లె తాళాల కొట్టేనామ్మా? కుప్పం నుంచి మాట్లాడతాండాను. ఈడ బీగం ఇరిగిపోయిందమ్మా."

"ఇరిగిందా, ఇరిసినారా?"

ఆయన నోరు తెరిచేలోపే వెనక నుంచి ఒక ఆడగొంతు వినిపించింది: "ఇరిసినానని సెప్పన్నా! సిగ్గేముండాది?"

ఫోను ఆమె చేతికి మారింది. పేరు యశోదమ్మ. మల్బరీ ఆకు కోసే కూలి పనితో మొదలుపెట్టి, ముగ్గురు ఆడపిల్లలను చదివించి, ఉద్యోగాల్లో పెట్టి, సొంత ఇల్లు కట్టుకున్న మనిషి. పెద్దమ్మాయిది వి.కోట, నడిపి అమ్మాయిది గంగవరం, చిన్నమ్మాయిది పెద్దపంజాణి. ఫోనులో మాట్లాడిన పెద్దాయన గోవిందప్ప, చిన్నమ్మాయి మామగారు. జాతరకని మామిడి పళ్ల బుట్టలతో ఒకరోజు ముందే వచ్చాడు. యశోదమ్మ పక్కవీధిలో ఉండి తన చెవి ఆయన చేతికిచ్చి తలుపు తీసుకోమంది. చెవి పూర్తిగా లోపలికి పోకముందే ఆయన తిప్పాడు. అది విరిగింది. విరిగిన ముక్క తీయబోయి ఉలితో కొట్టాడు. తాళమూ పోయింది.

"తలుపు లోపల రేకు మింద నాలుగు నూర్ల పన్నెండు అని ఉండాదమ్మా. మా పెద్దదాని పెండ్లికి ముందర మీ మేస్త్రి వచ్చి బిగించిపోయినాడు" అంది యశోదమ్మ. "ఇంగా మూడు సెవులు ఉండాయి. మూడూ ముగ్గురు బిడ్డల కాడ. రేపు పొద్దున జాతరకి ముగ్గురూ వస్తారు. వాళ్ల సెవులకే తలుపు తెరుసుకోవాల. ఈ సంగతి వాళ్లకి తెలీకూడదు."

చెవి ఫోటో ఒకటి ఫోనులో పంపమని వాళ్లలో ఎవరినైనా అడగవచ్చు కదా అన్నాను.

"అడిగితే ఏమంటారో నాకు తెలుసు. 'పోనీలే మా, కొత్తది ఏసుకో, మేం తలుపు తడతాములే' అంటారు. ఆ మాటే నాకొద్దు." తరవాత అసలు సంగతి చెప్పింది. "నాకు పెండ్లైన ఏడాది ఉగాదికి మా పుట్టింటికి పోతినమ్మా. తలుపు తడితిని. లోపల్నించి మా వదిన 'ఎవురూ' అనె. అంతే. ఇంగేమీ అన్లేదు, మంచిదే పాపం. కానీ పుట్టిన ఇంటి ముందర నిలబడి 'నేను ఫలానా' అని సెప్పుకుంటిని. నా బిడ్డలకి అది వద్దనుకున్యా. ముగ్గురికీ ఒడిబియ్యంలో ఈ ఇంటి సెవి పెట్టి పంపినా. ఇన్నేండ్లలో ఒక్కరు కూడా ఈ తలుపు తట్టలేదు."

పెళ్లి కూతురు ఒడిలో పోసే బియ్యంలో పసుపు కొమ్ము, కొబ్బరి గిన్నె పెట్టడం చూశాను. తాళం చెవి పెట్టడం అప్పుడే విన్నాను.

"నా పుస్తకంలో ఉంది. ఫోటో అక్కర్లేదు. రేపు పొద్దున్నే వస్తాను" అన్నాను. ఆ గొంతులో ఎంత ధీమా ఉండిందో నాకిప్పటికీ గుర్తే.

పుస్తకం తీశాను. 412. కుప్పం. 12-2-96. 3 1 5 2 4. కూడిక 15. నా దస్తూరీనే. రెండుసార్లు కూడి చూశాను. పదిహేనే. అదే కంపెనీ తాళం, అదే గాడి తీసి, ఆ అంకెలకు పిన్నులు పేర్చాను. విరిగిన దాని బదులు యశోదమ్మకు ఒక చెవి కోశాను. పెట్టి తిప్పితే చప్పుడే లేదు.

బీగం, బీగరు

బుధవారం ఐదుంపావు బస్సుకు బయలుదేరి, పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా ఎనిమిది నలభైకి కుప్పంలో దిగాను. యశోదమ్మ ఇంటి ముందు భారీ మనిషి ఒకాయన తలవంచుకుని నిలబడి ఉన్నాడు. ఎవరో చెప్పక్కర్లేకపోయింది.

కన్నడం కలిసిన అక్కడి తెలుగులో తాళాన్ని బీగం అంటారు, వియ్యంకులను బీగరు అంటారు. యశోదమ్మ ఆ అవకాశం వదులుకోలేదు.

"బీగాన్ని తీస్కపొయ్యి బీగర సేతిలో పెడితిని సూడు, నాదే బుద్ధి తక్కువ. రెండూ ఒక జాతే. నిదానంగా తిప్పితే తిరుగుతాది, బలం సూపిస్తే ఇరుగుతాది."

"ట్రాక్టరు సెవి మాదిరి తిప్పినా సెల్లెమ్మా. అంతే" అన్నాడు గోవిందప్ప.

"విరిగిన ముక్క ఉందా అప్పా?" అని అడిగాను.

"కోపంలో కాలవలోకి ఇసిరేసినానమ్మా. ఎతకమంటే ఎతుకుతా."

పుస్తకం ఉంది కదా, వద్దులెమ్మన్నాను. ఈ తాళం విషయంలో ఇది నా రెండో తప్పు. మొదటిది ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

పాత తాళం విప్పి, కొత్తది బిగించేసరికి తొమ్మిది ముప్పై ఐదయింది. తలుపు లాగితే దానంతటదే పడే తాళం అది. లోపలి నుంచి గుండీ తిప్పితే చాలు, బయటి నుంచి చెవి ఉండాలి. నేను కోసిన చెవితో ఇరవైసార్లు తిప్పి చూశాను. ఇరవైసార్లూ తిరిగింది. ఎందుకు తిరగదు? నా లెక్కతో కోసిన చెవి, నా లెక్కతోనే పేర్చిన తాళం. ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి.

తలుపు మూసి ముగ్గురం లోపల కూర్చున్నాం. యశోదమ్మ చాప మీద తలుపు వైపు తిరిగి కూర్చుని, మల్లెపూలు కడుతూ చెప్పింది. "ముగ్గురూ మూడు తీర్లుగా తిప్పుతారమ్మా. సూడకుండానే సెప్తా ఎవురొచ్చిండేదీ. పెద్దది నిదానంగా తిప్పుతాది. నడిపిది రెండు తూర్లు ఆడిస్తాది. సిన్నది బీగం తిరక్కముందే తలుపు తోస్తాది."

"మా ఇంట్లో కూడా అంతే" అన్నాడు గోవిందప్ప.

పది గంటల ఐదు నిమిషాలకు బయట ఆటో ఆగింది. అడుగులు. చెవి తాళంలోకి వెళ్లిన చప్పుడు. యశోదమ్మ చేతిలోని దారం ఆగిపోయింది, ముఖమంతా నవ్వు. చెవి కదలలేదు. బయటికి వచ్చి, మళ్లీ వెళ్లింది. కదలలేదు. 

తరవాత తలుపు మీద మూడు దెబ్బలు, మెల్లగా.

"ఎవురూ?" అంది యశోదమ్మ.

ఆ మాట ఆమె అనలేదు, దానంతటదే వచ్చేసింది. వెంటనే పూలు వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బయటి నుంచి కాసేపటికి, "నేనేమా. సరోజను" అని వినిపించింది.

తలుపు తీశాను. పెద్దమ్మాయి సరోజ, నర్సు. చేతిలో చెవి అలాగే పట్టుకుని తలుపును కింది నుంచి పై దాకా చూస్తోంది, ఇల్లు ఇదేనా కాదా అన్నట్టు. "బీగం మార్సినావా మా? సెప్పనన్నా సెప్పలేదే" అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉన్నా బాగుండేది.

గోవిందప్ప లేచి నిలబడ్డాడు. "తప్పు నాదమ్మా సరోజా."

"మీది బలం అప్పా. తప్పు నాది" అన్నాను. "ఆ చెవి ఇటియ్యమ్మా."

అంకెలకు కూడా భాష ఉంది

సరోజ చెవిని, నేను కోసిన చెవిని గడప మీద పక్కపక్కన పెట్టాను. సరోజ చెవి భుజం నుంచి చదివితే 4 2 5 1 3. నాది 3 1 5 2 4. కూడిక రెండింటికీ పదిహేనే. ఒకటి అద్దంలో చూస్తే ఇంకొకటి.

నేను అక్కడే గుమ్మం మీద కూర్చుండిపోయాను. 12-2-96. ఫిబ్రవరి 8 నుంచి 18 దాకా నాకు టైఫాయిడ్. మేస్త్రి రంజాన్ ఒక్కపొద్దు ఉంటూనే కుప్పం దాకా వచ్చి ఈ తాళం బిగించి వెళ్లాడు. రాయడానికి నేను లేను కాబట్టి ఆ పదకొండు రోజులూ పుస్తకం ఆయనే రాశాడు. నేను కోలుకుని వచ్చాక ఊర్ల పేర్లు ఉర్దూలో ఉంటే ఆయన్ను అడిగి తెలుగులో రాసుకున్నాను. అంకెలు మాత్రం అడగలేదు. అంకెలు కదా, అంకెలకు భాషేముంది అనుకున్నాను. ఉన్నవి ఉన్నట్టు ఎడమ నుంచి దించుకుని, కూడి చూసుకుని, సరిపోయిందని టిక్కు పెట్టాను. ఆయన మొదటి పల్లం అంకెను, ఉర్దూ రాసినట్టే, కుడి చివర వేసి, ఎడమకు రాసుకుంటూ వచ్చాడు. ఆయన చెయ్యి చిన్నప్పటి నుంచి నడిచిన దారి అది. దొంగ ఏ పక్క నుంచి వచ్చాడో కూడిక చెప్పదని ఆయన ముందే అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఒళ్లంతా ఊగేలా నవ్వాను.

"యాల నవ్వుతావు తల్లీ? నాకు ఈడ ఏడుపొస్తాంటే!" అంది యశోదమ్మ.

"మా మేస్త్రి దొరికినాడమ్మా. నాకు పన్నెండు నిమిషాలియ్యండి."

తాళం విప్పి, ఇత్తడి పళ్లెం అడిగి తెచ్చుకుని, పిన్నులు అందులో పోశాను. మధ్యలో ఐదు, దాని చోటు అదే. తక్కిన నాలుగూ అటువి ఇటు, ఇటువి అటు. గోవిందప్ప తన పెద్ద చేతుల్లో పళ్లెం కదలకుండా పట్టుకున్నాడు.  పదకొండో నిమిషంలో సరోజ చెవి పెట్టాను. తిరిగింది.

"సరేలే మా, బాగైంది కదా. కాఫీ పెట్టు" అంటూ సరోజ లోపలికి రాబోయింది.

"పెట్టను" అంది యశోదమ్మ. "పో. ఆటో దిగిన కాడికి పొయ్యి మళ్లీ రా."

"మా! నాకు నలభై నాలుగేండ్లు!"

"నలభై నాలుగేండ్లకి కాళ్లు నడవవా? పో."

సరోజ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ఆమె చెప్పులేసుకుంది. గోవిందప్ప సాయం చేద్దామని బ్యాగు అందుకోబోతే, "దాన్నీ తీస్కపోనీ అన్నా. వచ్చేటప్పుడు ఎట్ల వచ్చిందో అట్లే రావాల" అంది యశోదమ్మ. సరోజ బ్యాగు భుజానికి తగిలించుకుని, వీధి మలుపు దాకా వెళ్లి, అక్కడి నుంచి మా వైపు చెయ్యూపింది. ఎదురింటి వాళ్లు చూస్తున్నారు. మేం తలుపు మూసుకుని లోపలికి వచ్చాం. యశోదమ్మ మళ్లీ చాప మీద కూర్చుని పూలు చేతిలోకి తీసుకుంది.

అడుగులు. చెవి. నిదానంగా, చాలా నిదానంగా తిరిగింది. తలుపు తెరుచుకుంది.

యశోదమ్మ తలెత్తలేదు. "వచ్చినావా సరోజా? కాళ్లు కడుక్కో, కాఫీ పెడతాను" అంది.

సరోజ నవ్వబోయి నవ్వలేక, బ్యాగు గుమ్మంలోనే వదిలేసి తల్లి పక్కన చాప మీద కూలబడింది. ఇద్దరూ చాలాసేపు పూలు కట్టారు. కాఫీ పెట్టింది గోవిందప్ప. చక్కెర ఎక్కువైంది. అందరం తాగేశాం.

పదకొండుంపావుకు నడిపి అమ్మాయి వచ్చింది; రెండుసార్లు ఆడించి తెరిచింది. పన్నెండు దాటాక చిన్నమ్మాయి, తాళం తిరక్కముందే తోసి, నుదురు తలుపుకు కొట్టుకుని లోపలికి వచ్చింది. మూడు చెవుల అరుగుదల మూడు రకాలుగా ఉంది. మూడూ తిరిగాయి, అది పుంగనూరు పుణ్యం. ఏం జరిగిందో ఆ ఇద్దరికీ సరోజ చెప్పలేదు. నేనున్నంతసేపూ చెప్పలేదు.

నేను తప్పు కోసిన చెవి పక్కన పడేసి, ఆకురాయితో యశోదమ్మకు ఇంకొకటి కోశాను. ఆమె, "అన్నకి కూడా ఒకటి కొయ్యమ్మా" అంది.

"నాకొద్దు సెల్లెమ్మా. నేను తలుపు తడతా" అన్నాడు గోవిందప్ప.

"తడితే 'ఎవురూ' అంటాను."

"అను. బీగరం కదా, ఆ మాట మాకు అలవాటే."

"కొయ్యమ్మా నువ్వు" అంది ఆమె నాతో. కోసి ఆయన చేతికిచ్చి, పూర్తిగా లోపలికి పోయేదాకా తిప్పకూడదని ఐదుసార్లు తిప్పించి చూపించాను. ఐదోసారి ఒక వేలితో తిప్పాడు. ముగ్గురు కూతుళ్లూ చప్పట్లు కొట్టారు.

మీ కోసం

మదనపల్లెకు వచ్చిన మర్నాడు ఆ పదకొండు రోజుల్లో మేస్త్రి రాసినవి వెతికి తీశాను. మొత్తం తొమ్మిది తాళాలు. తొమ్మిదీ తిరగరాశాను, ఎర్ర సిరాతో. తప్పు ఆయనది కాదు. ఆయన రాసింది ఆయన భాషలో సరిగ్గానే ఉంది. పక్కనే కూర్చుని ఇన్నేళ్లు పనిచేసి, ఆయన చెయ్యి ఎటు నుంచి ఎటు నడుస్తుందో చూడనిది నేను. కూడిక ఉంటే చాలనుకున్నాను.

కూడిక మానెయ్యమని చెప్పడం లేదు. నేను ఇప్పటికీ ఇంటికి తెచ్చిన టమాటాలు కూడా లెక్కపెట్టే ఉంచుతాను. కానీ అంకెలు రాసినప్పుడు కింద ఒక బాణం గుర్తు వెయ్యండి, ఎటు నుంచి చదవాలో. పుస్తకం ఎంత గొప్పదైనా, పాత చెవిని ఒక్కదాన్నయినా కళ్లతో చూడకుండా తాళం బిగించకండి. కాలవలో పడిందంటే కాలవలో వెతికించండి. సిగ్గు పడకండి. మీరు సిగ్గుపడితే తలుపు బయట ఎవరో ఒకరు నిలబడాల్సి వస్తుంది.

నా పుస్తకంలో ఆ రోజు రాసింది ఇది: "412. కుప్పం. 23-5-2018, బుధవారం. భుజం నుంచి 4 2 5 1 3, కింద బాణం. కూడిక 15. పాత చెవులు మూడు, కొత్తవి రెండు, ఐదూ తిరిగాయి. తలుపు తట్టినవారు ఒకరు. వెనక్కి పంపి మళ్లీ రప్పించాము."

తప్పు కోసిన ఆ చెవి నా దగ్గరే ఉంది. అది ఏ తలుపూ తెరవదు. పని నేర్చుకుంటామని వచ్చినవాళ్ల చేతిలో మొదట దాన్నే పెట్టి, అంకెలు చదవమంటాను. చాలామంది వెంటనే చదివేస్తారు, తప్పు లేకుండా. వాళ్లకు టీ ఇచ్చి పంపుతాను. "ఎటు నుంచి చదవమంటారు?" అని అడిగినవాళ్లను కూర్చోమంటాను. ఇప్పటికి ఆరుగురు వచ్చారు. అడిగినవాళ్లు ఇద్దరు.